ఎంబీబీఎస్ మధ్యలో ఆపి రీసెర్చ్‌కి వెళ్లాలనుకుంటున్నారా? నెల్లూరు, ఒంగోలు విద్యార్థులకు సమగ్ర మార్గదర్శి

బ్రిటన్‌లో మెడిసిన్ చదివేవాళ్లు మధ్యలో ఒక ఏడాది తీసుకుని సైన్స్ డిగ్రీ చేసి, మళ్లీ వచ్చి తమ కోర్సులో కూర్చోవడం మామూలే. దానికి ఇంటర్‌కలేటెడ్ డిగ్రీ అని పేరు కూడా ఉంది. అమెరికాలో ఎండీ, పీహెచ్‌డీ రెండూ కలిపి చేసేవాళ్లకి అక్కడి ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐహెచ్ 1964 నుంచి డబ్బిస్తోంది. మన ఎంబీబీఎస్‌లో అలాంటి ఏర్పాటు లేదు. మీరు నెల్లూరు ఏసీ సుబ్బారెడ్డి కాలేజీలో చదువుతున్నా, నారాయణలో చదువుతున్నా, ఒంగోలు ప్రభుత్వ కాలేజీలో చదువుతున్నా, మధ్యలో ఏడాది ఆగుతానంటే ఆఫీసు గుమాస్తా మీ వైపు వింతగా చూస్తాడు, ఎందుకంటే ఆయన ఇంతవరకు చూసినవాళ్లంతా ఒంట్లో బాగోకో, పెళ్లయ్యో, పరీక్ష తప్పో ఆగినవాళ్లు.

అలాగని అసాధ్యం కాదు. కానీ సీటు పోకుండా ఆగడం ఒక పని, ఊరికే వెళ్లిపోవడం ఇంకో పని, వాటి మధ్య తేడా అంతా మీరు ఆగే సమయంలోనూ చేతిలో ఉన్న కాగితాల్లోనూ ఉంటుంది. ఈ వ్యాసం మొదటి రకం గురించే.

1. నిజమైన కారణం ఏంటో ముందు తేల్చుకోండి

అనాటమీ నచ్చలేదు, ఫిజియాలజీలో పోయింది, హాస్టల్ పడట్లేదు, ఇంట్లో చెప్పుకోలేని టెన్షన్. వీటిలో ఏదైనా అసలు కారణమైతే రీసెర్చ్ మందు కాదు. ల్యాబ్‌లో నెలల తరబడి ఏ ఫలితమూ రాని రోజులుంటాయి, అలసిపోయి వెళ్లినవాడు అక్కడ ఇంకా అలసిపోతాడు. అలాంటప్పుడు కాలేజీ సైకియాట్రీ డిపార్ట్‌మెంట్‌లో మాట్లాడండి, లేదంటే టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి. తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులేమీ తీసుకోరు.

ఒక చిన్న పరీక్ష పెట్టుకోండి. రేపు మీకు మంచి మార్కులొచ్చి, హాస్టల్‌లో మంచి రూమ్ దొరికి, అన్నీ సాఫీగా ఉన్నా కూడా ఈ పని కోసం చదువు ఆపుతారా? ఆపుతాననిపిస్తే తర్వాతి మెట్టుకి రండి.

2. ఆ పని ఏడాది ఆగలేదా?

అందరూ 'ఈ రీసెర్చ్ గొప్పదా' అని అడుగుతారు. నేనైతే 'ఇది ఇప్పుడే, మీ చేతుల మీదే జరగాలా' అని అడుగుతాను. గొప్ప ప్రశ్నలు చాలానే ఉంటాయి, అవి మీ ఫైనలియర్ అయ్యేదాకా ఎక్కడికీ పోవు.

మన ప్రాంతం నుంచే ఒక ఉదాహరణ తీసుకుందాం. నీళ్లలో ఫ్లోరైడ్ వల్ల ఎముకలు గట్టిపడి వంగిపోయే జబ్బు మన దేశంలో ఉందని 1937లో వైద్య పత్రికలో మొదటగా రాసింది అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా గురించే. ఒంగోలుకి పడమటి వైపు పొదిలి, దర్శి, కనిగిరి పల్లెల్లో ఆ సమస్య ఇప్పటికీ ఉంది, కిడ్నీ జబ్బుల మాట కూడా అక్కడ వినిపిస్తుంది. ఒక విద్యార్థి బోరు నీళ్లలో ఫ్లోరైడ్‌కీ కిడ్నీ పనితీరుకీ సంబంధం ఉందేమో చూడాలనుకున్నాడనుకోండి. తాగే నీళ్లలో లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఒక్కసారి నీళ్లు తెచ్చి కొలవడానికి చదువు ఆపక్కర్లేదు, దసరా సెలవులు చాలు. కానీ వానలకి ముందు ఒకసారి, ఈశాన్య రుతుపవనం వెళ్లాక ఒకసారి అవే బోర్ల నీళ్లు, అవే మనుషుల రక్తం, మూత్రం నమూనాలు తీసుకుని పోల్చాలంటే రెండు కాలాలు ఊళ్లలో తిరగాలి. అది క్లాసులకి వెళ్తూ చేసే పని కాదు. పైగా అప్పటికే ఒక ప్రొఫెసర్ గారి ప్రాజెక్టుకి నిధులు మంజూరై, ఆ మనుషుల దగ్గర మొదటి విడత నమూనాలు తీసేసి ఉంటే ఏడాది వాయిదా వేయడం కుదరదు. ఇది ఆగడానికి కారణం. 'నాకు కిడ్నీల మీద ఆసక్తి' అనేది కారణం కాదు.

కాబట్టి ఒక తెల్లకాగితం మీద ఇవి రాయండి: ప్రశ్న ఒక్క వాక్యంలో, ఇప్పటిదాకా చేతికొచ్చిన ఫలితం (చిన్నదైనా ఫర్వాలేదు, కానీ ఏదో ఒకటి ఉండాలి), నిధులు ఎవరివి, ఎప్పటిదాకా, మీరు లేకపోతే ఆ పని ఎవరు చేస్తారు, ఏడాది ఆలస్యమైతే పోయేదేంటి. చివరి గడి ఖాళీగా ఉంటే ఆగకండి.

3. ఆపకుండా ఎంత దూరం వెళ్లొచ్చో అంత దూరం వెళ్లాకే ఆపండి

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) వాళ్ల షార్ట్ టర్మ్ స్టూడెంట్‌షిప్ 1979 నుంచి ఉంది. మీ కాలేజీలోనే ఒక గైడ్‌ని పెట్టుకుని, ప్రపోజల్ పంపి, అది ఎంపికైతే 2 నెలలు పని చేసి రిపోర్ట్ ఇస్తారు, స్టైపెండ్ వస్తుంది. చాలామంది సర్టిఫికెట్ కోసమే చేస్తారు. మీరు మాత్రం దీన్ని మీ మీద మీరు పెట్టుకునే పరీక్షగా చేయండి. ఆ 2 నెలల్లో ఎక్సెల్ షీట్ నింపడం, ఎథిక్స్ కమిటీకి మూడోసారి ఫారం దిద్ది ఇవ్వడం, ఓపీలో పేషెంట్‌కి సంతకం ఎందుకో ఓపిగ్గా చెప్పడం విసుగనిపిస్తే, ఏడాది పాటు అదే పని మీ వల్ల కాదు.

దీంతోపాటు మూడో ఏడాది పరీక్షలయ్యాక కరికులమ్‌లోనే ఎలెక్టివ్స్ (మీకు నచ్చిన విభాగంలో పని చేసే వారాలు) ఉంటాయి. వాటిని కూడా అదే పనికి వాడుకోవచ్చేమో గైడ్‌ని అడగండి. నెల్లూరు వాళ్లకి ఇంకో అదృష్టం ఏంటంటే అటు చెన్నై, ఇటు తిరుపతి రెండూ దగ్గరే. ఐఐటీ మద్రాసులోనో, తిరుపతి ఐసర్‌లోనో, స్విమ్స్‌లోనో ఎవరితోనైనా పని కుదిరితే శని, ఆదివారాలు వెళ్లి రావచ్చు. ఒంగోలు నుంచి చెన్నై కాస్త దూరమే కానీ పినాకిని ఎక్కితే ఆ ప్రయాణంలో రెండు పేపర్లు చదివేయొచ్చు (సీటు దొరికితే).

చరిత్ర చూసినా ఇదే కనబడుతుంది. ప్యాంక్రియాస్‌లోని ఐలెట్స్‌ని 1869లో వర్ణించిన పాల్ లాంగర్‌హాన్స్ అప్పటికి బెర్లిన్‌లో విద్యార్థే, వయసు 21. రక్తం గడ్డకట్టకుండా చూసే హెపారిన్ దొరికింది 1916లో జాన్స్ హాప్కిన్స్‌లో మెడిసిన్ చదువుతున్న జే మెక్లీన్‌కి. ఇన్సులిన్ పనిలో బాంటింగ్ పక్కన నిలబడ్డ చార్లెస్ బెస్ట్ 1921 నాటికి ఇంకా మెడిసిన్ చదవనేలేదు, ఆ తర్వాత చదివి 1925లో ఎండీ పట్టా తీసుకున్నాడు. మన యల్లాప్రగడ సుబ్బారావు గారు మద్రాసులో వైద్యం చదివేసి, ఆ తర్వాతే అమెరికా వెళ్లి, ఆసుపత్రిలో చిన్న ఉద్యోగం చేసుకుంటూ హార్వర్డ్ ల్యాబ్‌లో పని చేశారు. వీళ్లెవరూ రీసెర్చ్ కోసం వైద్యవిద్యని వదిలేసినవాళ్లు కాదని మీరు ఇంట్లో చెప్పుకోవడానికీ పనికొస్తుంది, మీకు మీరు చెప్పుకోవడానికీ పనికొస్తుంది.

4. ఎక్కడ ఆపాలి

ఎన్‌ఎంసీ (జాతీయ వైద్య కమిషన్) 2023 నిబంధనల ప్రకారం కోర్సులో చేరిన తేదీ నుంచి 9 ఏళ్లలోగా ఎంబీబీఎస్ పూర్తవ్వాలి. ఫస్టియర్‌కి మొత్తం నాలుగు ప్రయత్నాలే. చదువు నాలుగున్నరేళ్లు, ఇంటర్న్‌షిప్ ఒక ఏడాది. ఇంటర్న్‌షిప్‌ని కూడా ఆ 9 ఏళ్లలో కలిపి లెక్క వేసుకోవడం క్షేమం, అలా వేస్తే మీ చేతిలో మిగిలేది మూడున్నరేళ్లు. ఒకసారి సప్లిమెంటరీలో బ్యాచ్ జారితే అందులోంచే పోతుంది. అందుకే ఇప్పటికే రెండు సబ్జెక్టులు మిగుల్చుకున్నవాళ్లు ఆగడం గురించి ఆలోచించే ముందు అవి పాసవ్వాలి, ఇందులో బేరం లేదు.

ఏడాది మధ్యలో ఎప్పుడూ ఆపకండి. థియరీకి 75 శాతం, ప్రాక్టికల్స్‌కి, క్లినికల్స్‌కి 80 శాతం హాజరు కావాలి, ఆగస్టులో వెళ్లిపోతే అప్పటిదాకా కూర్చున్న క్లాసులన్నీ వృథా. ఒక ఫేజ్ యూనివర్సిటీ పరీక్ష పాసై, ఇంకో ఫేజ్ మొదలవకముందే ఆగాలి.

ఫస్టియర్ తర్వాత ఆగడం నాకు నచ్చదు. అప్పటికి మీకు జబ్బు అంటే ఏంటో తెలియదు, ల్యాబ్‌లో బయోటెక్నాలజీ వాళ్లకన్నా మీకు ఎక్కువ తెలిసింది అనాటమీ ఒక్కటే. సెకండియర్ అయ్యాక వేరే సంగతి, పాథాలజీ, మైక్రోబయాలజీ, ఫార్మకాలజీ మూడూ బుర్రలో తాజాగా ఉంటాయి, ల్యాబ్ పనికి ఇదే సరైన చోటు. ఊళ్లలో తిరిగే పనైతే కమ్యూనిటీ మెడిసిన్ పరీక్ష రాశాక, అంటే మూడో ఏడాది తర్వాత. ఫైనలియర్ మొదలైతే ఇక ఆగొద్దు, క్లినికల్స్ చేతి అలవాటు, మధ్యలో ఏడాది తెగితే మళ్లీ పట్టుకోవడం కష్టం.

అన్నిటికన్నా మంచి చోటు ఇంటర్న్‌షిప్ తర్వాత. పదిమందిలో ఎనిమిదిమందికి నేనిదే చెబుతాను. వాళ్లకి నచ్చదు. ఎందుకు చెబుతానో కింద చూడండి.

5. మధ్యలో ఆపితే కాగితం మీద మీరెవరు?

ఈ ప్రశ్న ఎవరూ ముందు వేసుకోరు. ఎంబీబీఎస్ మూడేళ్లు చదివి ఆగిన మనిషి చదువు ఏంటని ప్రభుత్వ ల్యాబ్ ఫారంలో అడిగితే జవాబు: ఇంటర్మీడియట్. మీకు ఎంత తెలిసినా సరే. జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలో) పోస్టుకి డిగ్రీ కావాలి. 2023 జనవరి నుంచి జేఆర్ఎఫ్‌కి నెలకి 37,000 రూపాయలు, పైన ఇంటి అద్దె భత్యం కలుస్తుంది. ఎంబీబీఎస్ పాసైనవాళ్లు సీఎస్ఐఆర్ నెట్ పరీక్ష రాసి ఆ ఫెలోషిప్ తెచ్చుకుని, చేర్చుకునే సంస్థ దొరికితే నేరుగా పీహెచ్‌డీకి వెళ్లొచ్చు. ఐఐటీ ఖరగ్‌పూర్‌లో ఎంబీబీఎస్ వాళ్ల కోసమే మూడేళ్ల మెడికల్ సైన్స్ అండ్ టెక్నాలజీ మాస్టర్స్ ఉంది. ఈ తలుపులన్నీ డిగ్రీ చేతికొచ్చాకే తెరుచుకుంటాయి. దానికి ముందు మీరు వెళ్తే ట్రైనీగానో, వాలంటీర్‌గానో వెళ్తారు, చాలాచోట్ల చేతికి ఏమీ రాదు.

ఇంకోటి, ఇంటర్న్‌షిప్ అయ్యి మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉంటే వారంలో రెండు నైట్లు డ్యూటీ డాక్టర్‌గా చేసి రూమ్ అద్దె, మెస్ బిల్లు మీరే కట్టుకోవచ్చు, నాయన్ని అడగక్కర్లేదు. హైదరాబాద్ పరిశోధన సంస్థలు సీసీఎంబీ దగ్గరో, ఎన్‌ఐఎన్ దగ్గరో హబ్సిగూడ, తార్నాక వైపు రూమ్ తీసుకుని ఏడాది ఉండాలంటే ఎంతవుతుందో ముందే లెక్కేసి, దానికి ఇంకో మూడు నెలల ఖర్చు కలిపి, ఆ డబ్బు చేతిలో ఉంటేనే కదలండి.

పీజీ విషయం కూడా ఇక్కడే చెప్పేస్తాను. మన దేశంలో పీజీ సీటు చాలావరకు నీట్ పీజీ ర్యాంకుతో వస్తుంది, మీ పేపర్ ఎంత గొప్ప జర్నల్‌లో వచ్చినా కౌన్సెలింగ్‌లో దానికి ఒక్క మార్కు కలవదు. అమెరికా రెసిడెన్సీకి, విదేశీ పీహెచ్‌డీకి మాత్రం రీసెర్చ్ బాగా పనికొస్తుంది. అంటే ఇక్కడ జనరల్ మెడిసిన్ సీటు కోసమే రీసెర్చ్ చేస్తున్నామనుకుంటే ఆ ఏడాది కోచింగ్‌కి పెట్టుకోవడం మేలు.

6. కాగితాలు

అడ్మిషన్ నాడు సంతకం పెట్టిన బాండ్, అండర్‌టేకింగ్ జిరాక్సులు బయటికి తీసి చదవండి. డిస్కంటిన్యూ అనే మాట ఎక్కడుందో, దానికి ఎంత కట్టాలని ఉందో చూడండి. మీరు రాసే దరఖాస్తులో ఆ మాట రానేకూడదు. 'ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా, ఫలానా సంస్థలో పరిశోధన నిమిత్తం కోర్సుకి తాత్కాలిక విరామం, తర్వాతి బ్యాచ్‌తో కొనసాగడానికి అనుమతి' అని ప్రిన్సిపాల్ గారి పేరున రాయాలి, దాన్ని విజయవాడలోని డాక్టర్ ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం రిజిస్ట్రార్‌కి పంపమని కోరాలి. ఆఫీసులో బ్రేక్ ఆఫ్ స్టడీ, రీ-అడ్మిషన్ అనే మాటలు వాడతారు. రెండిటికీ ఫీజు ఎంత, ఎవరి సంతకం కావాలి, ఎంతకాలం దాటితే ఇవ్వరు అనేవి నోటిమాటగా వినొద్దు, ఏ సర్క్యులర్ ప్రకారమో అడిగి కాపీ తీసుకోండి. యూనివర్సిటీ నుంచి జవాబు కాగితం మీద వచ్చేదాకా రైలు టికెట్ కొనకండి. 'నువ్వెళ్లిరా బాబూ, మేం చూసుకుంటాం' అన్న సార్ మంచివాడే, కానీ మీరు తిరిగొచ్చేనాటికి ఆయన కర్నూలుకి ట్రాన్స్‌ఫరై ఉండొచ్చు.

ఇన్వర్డ్ నంబర్ వేయించుకోవడం, ప్రతిదానికీ ఫొటో తీసుకోవడం చెప్పక్కర్లేదు కదా.

ఎడ్యుకేషన్ లోన్ ఉన్నవాళ్లు బ్యాంకుకి తప్పకుండా వెళ్లాలి. మామూలుగా కోర్సు కాలం, ఆ పైన ఒక ఏడాది గడిచాక కిస్తీలు మొదలవుతాయి, ఆ కోర్సు కాలం ఏడాది జరిగిందని కాలేజీ లెటర్ ఇవ్వకపోతే మీరింకా ఫైనలియర్‌లో ఉండగానే నాయన ఫోన్‌కి కిస్తీ మెసేజ్ వస్తుంది. ఫీజు రీయింబర్స్‌మెంట్ హాజరుతో ముడిపడినది, కాబట్టి విరామం తర్వాత మళ్లీ కొనసాగుతుందో లేదో సంక్షేమ శాఖ ఆఫీసులో రాతపూర్వకంగా అడగండి. బి, సి కేటగిరీల వాళ్లు మేనేజ్‌మెంట్ ఆ ఏడాదికి ఫీజు అడుగుతుందా అని ముందే తేల్చుకోవాలి. హాస్టల్ రూమ్ మాత్రం పోతుంది, దానికి సిద్ధపడండి.

7. గైడ్ దగ్గర తేల్చుకోవాల్సినవి

మొహమాటం ఇక్కడే కొంప ముంచుతుంది. పెద్ద సైంటిస్టు, మనం పల్లె నుంచి వచ్చాం, ఎలా అడుగుతాం అని అడగరు, ఏడాది తర్వాత పేపర్‌లో తొమ్మిదో పేరు చూసుకుని ఏడుస్తారు. చేరకముందే మర్యాదగా ఈమెయిల్ రాయండి: సార్, నా పని ఫలానా భాగం అనుకుంటున్నాను, అది పూర్తయితే రచయితల వరుసలో నా పేరు ఎక్కడ ఉంటుంది, నేను వెళ్లిపోయాక పేపర్ రాసేటప్పుడు డేటా నాకు అందుబాటులో ఉంటుందా, స్టైపెండ్ ఏమైనా ఉందా, వారానికి ఒకసారి ఎవరితో మాట్లాడతాను. మంచి గైడ్ దీనికి కోప్పడడు. కోప్పడితే ఆ ల్యాబ్ సంగతి మీకు ఉచితంగా తెలిసినట్టే. అక్కడ ముందు పని చేసి వెళ్లినవాళ్లకి కూడా ఇద్దరు ముగ్గురికి ఫోన్ చేయండి.

మనుషుల మీద చేసే ఏ పనికైనా ఎథిక్స్ కమిటీ అనుమతి మొదటి నమూనా తీయకముందే ఉండాలి, తర్వాత తెచ్చుకునేది చెల్లదు. మందులు ఇచ్చి చూసే ట్రయల్ అయితే మొదటి మనిషిని చేర్చుకోకముందే సీటీఆర్ఐలో (ట్రయల్స్ నమోదు చేసే జాతీయ రిజిస్ట్రీ) రిజిస్టర్ చేయాలి. డబ్బు కడితే వారంలో అచ్చు వేసే జర్నల్స్ జోలికి పోకండి, ఏడాది త్యాగం చేసి తెచ్చుకునేది అది కాదు.

8. ఇంట్లో

'ఏందయ్యా ఇది, రెండేళ్లు లాంగ్‌టర్మ్ కోచింగ్ ఇప్పించింది దీనికేనా? ఊళ్లో అందరూ డాక్టర్ నాయన అంటా ఉండారు నన్ను.' ఈ మాట వస్తుంది, కావలిలో అయినా కందుకూరులో అయినా. దానికి జవాబుగా సైన్స్ గొప్పతనం గురించి చెప్పకండి, ఆయన భయం సైన్స్ గురించి కాదు. యూనివర్సిటీ కాగితం చూపించండి, సీటు పోదని, తిరిగొచ్చే తేదీ ఇదని, ఖర్చు ఇంతని, అందులో మీరు తెచ్చుకునేది ఇంతని. అమ్మాయిలకైతే 'చదువు ఆపింది కదా' అని సంబంధాలు చూడడం మొదలుపెట్టే ప్రమాదం ఉంది, అక్కడ తిరిగి చేరే తేదీని ఇంట్లో పెద్దవాళ్లలో ఒక్కరికైనా, అత్తకో మేనమామకో, ముందే గట్టిగా చెప్పి మీ వైపు పెట్టుకోండి. ఇంట్లో చెప్పకుండా వెళ్లడం మాత్రం పని చేయదు, కాలేజీ నుంచి ఫోన్ ఇంటికే వెళ్తుంది.

9. వెళ్లాక

మొదటి వారంలోనే గైడ్‌తో కూర్చుని ఆరో నెలకి ఏం చేతికి రావాలో రాసుకోండి. నమూనాలు సగమైనా పూర్తవ్వడం, లేదా ప్రయోగం ఒకటికి రెండుసార్లు అదే ఫలితం ఇవ్వడం, ఏదో ఒక కొలత. ఆరో నెలకి అది రాకపోతే పొడిగింపు అడగొద్దు, ఉన్నది రాసిపెట్టి, డేటా అప్పజెప్పి, తర్వాతి బ్యాచ్ మొదలయ్యే రోజుకి కాలేజీలో ఉండండి. ఫలితం రాలేదన్నది కూడా ఫలితమే, దాన్నీ శుభ్రంగా రాయండి. 'ఇంకొక్క మూడు నెలలు' అనే మాట దగ్గర చాలామంది రెండో ఏడాది పోగొట్టుకుంటారు, ఆ మాట గైడ్ నోట వచ్చినా మీ నోట వచ్చినా ఒకటే.

వారానికి ఒక పూట పాత పుస్తకాలకి ఉంచండి. వీలైతే దగ్గరలోని ఆసుపత్రిలో తెలిసిన డాక్టర్ గారి ఓపీలో కూర్చోండి, స్టెతస్కోప్ చెవిలో పెట్టుకునే అలవాటు పోకుండా ఉంటుంది.

10. తిరిగి రావడం

చేరాల్సిన తేదీకి రెండు నెలల ముందే ప్రిన్సిపాల్ ఆఫీసుకి ఉత్తరం రాయండి, విరామం అనుమతి కాపీ, ల్యాబ్ ఇచ్చిన సర్టిఫికెట్ జతచేసి. రీ-అడ్మిషన్ ఫీజు కట్టిన రసీదు, యూనివర్సిటీ హాజరు రిజిస్టర్‌లో మీ పేరు కొత్త బ్యాచ్ కింద ఎక్కిందో లేదో రెండూ మొదటి పదిహేను రోజుల్లో చూసుకోవాలి, పేరు ఎక్కకుండా మూడు నెలలు క్లాసులో కూర్చుంటే హాజరు పడదు. విరామంలో సిలబస్‌లోనో పరీక్ష పద్ధతిలోనో మార్పులొచ్చి ఉంటే అవి మీకు వర్తిస్తాయా, పాత బ్యాచ్‌వే వర్తిస్తాయా అన్నది కూడా అప్పుడే అడగండి. లాగ్‌బుక్ పాతది పారేయకండి, సర్టిఫై అయిన పేజీలు మళ్లీ అడుగుతారు.

జూనియర్లతో కూర్చోవడం మొదటి నెల ఇబ్బందిగానే ఉంటుంది, తర్వాత వాళ్లే స్టాటిస్టిక్స్ చెప్పమని రూమ్‌కి వస్తారు. పేపర్ పని మిగిలి ఉంటే ఆదివారానికి పరిమితం చేసి, ఇంటర్నల్స్ నెలలో పూర్తిగా ఆపేయండి, గైడ్‌కి కూడా ఆ తేదీలు ముందే పంపండి.